పల్లీ ఏ దారిన వచ్చింది?

అమెరికాలో కూతురి ఇంటికి వెళ్ళిన అమ్మమ్మకి వంటింట్లో ఒక నిబంధన ఎదురవుతుంది: మనవడి లంచ్ బాక్సులో పులిహోర పెట్టచ్చు, అందులో పల్లీలు ఉండకూడదు. పల్లీ చిక్కీ అసలే కుదరదు. అక్కడ చాలా బళ్ళు, డే కేర్‌లు ఇదే మాట చెబుతాయి. తరగతిలో ఎవరో ఒక పిల్లకి పల్లీ పడదు. పొరపాటున చిన్న ముక్క నోట్లోకి వెళ్ళినా పెదవులు వాచి, ఊపిరి ఆడక, అంబులెన్సు పిలవాల్సి రావచ్చు. అనంతపురం వైపు నుంచి వెళ్ళిన మనిషికి ఇది విడ్డూరమే. శెనక్కాయలు పీకే రోజుల్లో పచ్చివి, ఉడకబెట్టినవి, వేయించినవి బొక్కుతూ పెరిగిన ఊళ్ళో, అవి తిని ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్ల ఒక్కతి కూడా ఆవిడకి గుర్తు రాదు.

ఆ ఆశ్చర్యాన్ని పల్లెటూరి అమాయకత్వం అని కొట్టిపారేయకూడదు. దాదాపు ఇలాంటి ఆశ్చర్యమే లండన్‌లో ఒక పిల్లల డాక్టరును పరిశోధనలోకి దించింది. ఆ పరిశోధన, అలర్జీ విషయంలో వైద్యులు ఏళ్ళ తరబడి తల్లులకు చెబుతూ వచ్చిన సలహాను తలకిందులు చేసింది. ఆ కథ చెప్పుకునే ముందు అలర్జీ ఎలా పుడుతుందో కొంచెం చూడాలి.

పల్లీలో, గుడ్డులో, పాలలో ఉండే ప్రోటీన్లు మనకు ఏ హానీ చేయవు. అయినా కొందరిలో రోగనిరోధక వ్యవస్థ వాటిలో ఒకదాన్ని శత్రువుగా లెక్కకడుతుంది. ఆ ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకునే ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేస్తుంది. ఇవి చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగు గోడల్లో ఉండే మాస్ట్ కణాల మీద చేరి కూర్చుంటాయి. మాస్ట్ కణాల నిండా హిస్టమిన్ లాంటి రసాయనాలుంటాయి. అదే ప్రోటీన్ మళ్ళీ వచ్చి ఆ యాంటీబాడీలకు తగిలిందంటే రసాయనాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. నిమిషాల్లో దద్దుర్లు, వాపు, వాంతులు. తీవ్రమైతే గొంతు బిగుసుకుపోయి, బీపీ పడిపోయి మనిషి కుప్పకూలుతాడు. దాన్నే అనఫిలాక్సిస్ అంటారు. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండలోకి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షను.

ఇందులో గమనించాల్సింది ఒకటే. తొలి పరిచయంలో అలర్జీ పైకి కనిపించదు. మొదటిసారి యాంటీబాడీలు తయారవుతాయి, రెండోసారో పదోసారో మాస్ట్ కణాలు పేలతాయి. మరి పల్లీ పడని పిల్లల్లో చాలామంది, తల్లిదండ్రులకు తెలిసినంతవరకు, జీవితంలో మొట్టమొదటి పల్లీ తిన్నప్పుడే పడిపోతున్నారు. అంటే అంతకుముందే, ఎవరికీ తెలియకుండా, వాళ్ళ ఒంటికి పల్లీ ఎక్కడో తారసపడి ఉండాలి. ఎక్కడ?

తల్లి తిన్నదే కారణమా?

1990లలో తోచిన జవాబు తల్లి. కడుపుతో ఉన్నప్పుడు ఆమె తిన్న పల్లీలు, పాలిచ్చేటప్పుడు ఆమె తిన్న పల్లీలు బిడ్డకు చేరుతున్నాయనుకున్నారు. దానికి తోడు, పసిపిల్లల పేగు ఇంకా పక్వానికి రాలేదు కాబట్టి కొత్త ఆహారాలను ఎంత ఆలస్యంగా పెడితే అంత మేలనుకున్నారు. ఆలోచనలో తర్కం ఉంది, ప్రయోగం లేదు. 1998లో బ్రిటన్ ప్రభుత్వం, అలర్జీ ఉన్న కుటుంబాల్లో తల్లులు పల్లీలు మానేయాలనీ, పిల్లలకు మూడేళ్ళు వచ్చేదాకా పెట్టవద్దనీ సలహా ఇచ్చింది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం మరింత వివరంగా జాబితా ఇచ్చింది: ముప్పు ఎక్కువున్న పిల్లలకు ఆవుపాలు ఏడాది నిండాక, గుడ్డు రెండేళ్ళకు, పల్లీలు, చేపలు మూడేళ్ళకు.

తల్లులు ఆ మాట విన్నారు. అలర్జీ తగ్గలేదు సరికదా, పెరిగింది. అమెరికాలో ఇళ్ళకు ఫోన్లు చేసి అడిగిన సర్వేల్లో పల్లీ అలర్జీ ఉన్న పిల్లలు 1997లో 0.4 శాతం, 2002లో 0.8 శాతం, 2008లో 1.4 శాతం. ఈ పెరుగుదల అంతా సలహా వల్లనే వచ్చిందనడం సరికాదు. సలహా రాకముందే పెరుగుదల మొదలైంది. కాని ఆ సలహా పనిచేయలేదన్న సంగతి మాత్రం అంకెల్లో కనిపిస్తోంది.

లండన్ కింగ్స్ కాలేజీలో పిల్లల అలర్జీ నిపుణుడు గిడియన్ లాక్. 2000ల మొదట్లో ఆయన టెల్ అవీవ్ వెళ్ళి, దాదాపు 200 మంది డాక్టర్ల ముందు పల్లీ అలర్జీ గురించి ఉపన్యసించాడు. గత ఏడాదిలో మీలో ఎందరు ఇలాంటి కేసు చూశారు, చేతులెత్తండి అని అడిగాడు. లండన్‌లో అయితే గదంతా చేతులే. అక్కడ రెండో మూడో లేచాయి. ఆ తర్వాత ఇజ్రాయెల్ తల్లుల మాటల్లో అసలు సంగతి బయటికొచ్చింది. అక్కడ పిల్లలకు బాంబా అనే చిరుతిండి పెడతారు. మొక్కజొన్న నూకను ఉబ్బించి పల్లీ ముద్ద పట్టించినది, సగానికి సగం పల్లీయే. 1960ల నుంచి అమ్ముతున్నారు. నోట్లో పెట్టగానే కరిగిపోతుంది కాబట్టి పళ్ళు రాని పిల్లల చేతికీ ఇచ్చేస్తారు.

తేడా జన్యువుల్లో ఉండచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. అందుకే లాక్ బృందం లండన్‌లోని యూదుల పిల్లలనూ ఇజ్రాయెల్‌లోని యూదుల పిల్లలనూ పోల్చింది. వంశాలు దగ్గరివే, ఉండే దేశాలు వేరు. 2008లో ఫలితాలు ప్రచురించారు. బ్రిటన్‌లోని బడి పిల్లల్లో పల్లీ అలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం. పది రెట్లకు పైగా తేడా. ఎనిమిది నుంచి పద్నాలుగు నెలల వయసులో ఇజ్రాయెల్ పిల్ల నెలకు సగటున 7.1 గ్రాముల పల్లీ ప్రోటీన్ తింటోంది. బ్రిటన్ పిల్ల తింటున్నది సున్నా.

వండే తీరును బట్టి తేడా వస్తుందన్న వాదన కూడా ఒకటుంది. చైనాలో పల్లీలు బాగానే తింటారు, అలర్జీ తక్కువ. వాళ్ళు ఉడకబెడతారు లేదా నూనెలో వేయిస్తారు. అమెరికాలో పొడి వేడిమి మీద ఎక్కువగా వేయిస్తారు. అలా వేయించిన పల్లీ ప్రోటీన్లకు ఐజీఈ మరింత గట్టిగా అతుక్కుంటుందని ప్రయోగశాలలో తేలింది. నిజమే. అయితే ఇజ్రాయెల్ పిల్లలు తినే బాంబాలోనిదీ వేయించిన పల్లీయే, మన ఇళ్ళలో చట్నీకి మూకుట్లో మాడీ మాడకుండా వేయించేదీ అదే. వంట తేడా కొంత చెబుతుంది, కథంతా చెప్పదు.

క్రీము డబ్బా

తారసపడింది ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు అనుకోని చోట దొరికింది. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ చుట్టుపక్కల 1990ల మొదట్లో పుట్టిన వేలాది పిల్లలను, తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి గమనిస్తూ వస్తున్న ఒక పెద్ద అధ్యయనం ఉంది. అందులోని దాదాపు 14,000 మంది పిల్లల వివరాల్లోంచి లాక్ బృందం పల్లీ అలర్జీ ఉన్నవాళ్ళను వేరుచేసి, వాళ్ళ తొలి నెలల్లో ఏం జరిగిందో చూసింది. 2003లో వచ్చిన ఆ వ్యాసం ప్రకారం తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు పల్లీలు తిన్నదా లేదా అన్నదానికి బిడ్డ అలర్జీతో సంబంధమే లేదు. సంబంధం కనబడినవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, పసితనంలో రసి కారి పొలుసు కట్టే ఎగ్జిమా. రెండు, ఆ ఎగ్జిమాకి రాసిన క్రీములు. వాటిలో కొన్నిటిలో పల్లీ నూనె ఉండేది. అలాంటి క్రీము రాసిన పిల్లల్లో అలర్జీ అవకాశం దాదాపు ఏడు రెట్లు.

అంటే బిడ్డకు పల్లీ నోటి ద్వారా కాక, చిట్లిన చర్మం ద్వారా పరిచయమైంది.

2006లో డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్‌లీన్ బృందం, డబ్లిన్‌లోని అలన్ ఇర్విన్‌తో కలిసి ఈ బొమ్మకు ఒక ముఖ్యమైన ముక్క జోడించింది. మన చర్మపు పై పొరను బిగువుగా, తేమగా ఉంచడానికి ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కావాలి. దాని జన్యువులో లోపాలున్న పిల్లలకు ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువ. యూరప్ మూలాలున్న జనంలో పది మందిలో దాదాపు ఒకరు ఇలాంటి లోపం మోస్తున్నారు. తర్వాత చూస్తే అదే లోపం పల్లీ అలర్జీ ముప్పునూ పెంచుతోందని తేలింది. ఫిలాగ్రిన్‌కి పల్లీతో నేరుగా ఏ సంబంధమూ లేదు. అది చేసేదల్లా చర్మాన్ని మూసి ఉంచడం.

క్రీము వాడని ఇళ్ళ మాటేమిటి? ఇంట్లో పెద్దలు పల్లీలు తింటుంటే ఆ ప్రోటీన్ ఇంటి దుమ్ములో, సోఫా మీద, పిల్లల పక్కబట్టల మీద చేరుతుంది. తుడిచినా కొంత మిగులుతుంది. లాక్ బృందమే ఆ దుమ్మును పోగుచేసి కొలిచింది. ఫిలాగ్రిన్ లోపమున్న పిల్లల్లో, ఇంటి దుమ్ములో పల్లీ ప్రోటీన్ పెరిగిన కొద్దీ అలర్జీ పెరిగింది. లోపం లేని పిల్లల్లో దుమ్ము ప్రభావం కనపడలేదు. బ్రిటన్‌లో జరిగింది ఇదన్నమాట: అమ్మానాన్నలు పీనట్ బటర్ తింటున్నారు, అదే చేతులతో బిడ్డను ఎత్తుకుంటున్నారు, బిడ్డ నోటికి మాత్రం మూడేళ్ళ నిషేధం. ఒక దారి తెరిచి, రెండో దారి మూసేశారు.

ఇది పసిపిల్లలకే పరిమితం అనుకుంటే జపాన్ సబ్బు సంగతి వినాలి. చా నో షిజుకు అనే ముఖం సబ్బు అక్కడ బాగా అమ్ముడుపోయింది. అందులో గోధుమ ప్రోటీన్‌ను ముక్కలు చేసి కలిపారు. రోజూ దానితో ముఖం కడుక్కున్నవాళ్ళలో రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రొట్టెలు, నూడుల్సు తింటున్న పెద్దవాళ్ళు, ఉన్నట్టుండి అవి తింటే కనురెప్పలు వాచి, కొందరైతే స్పృహ తప్పి ఆసుపత్రులకు వచ్చారు. ఏళ్ళ తరబడి నోటితో కుదుర్చుకున్న సయోధ్యను కూడా చర్మం దారి చెడగొట్టగలిగింది. సబ్బు మానేశాక చాలామందికి క్రమంగా నెమ్మదించింది.

ఒకే ప్రోటీన్‌కి రెండు దారుల్లో ఇంత తేడా ఎందుకు? పొరుగింటాయన వీధి గుమ్మంలోంచి పిలుస్తూ వస్తే మంచినీళ్ళిస్తాం, అర్ధరాత్రి దొడ్డిగోడ దూకితే ఆయన్నే దొంగ అని అరుస్తాం. చర్మం సరిహద్దు. అది చిట్లినప్పుడు లోపలికి వచ్చేవి సాధారణంగా క్రిములు, పురుగుల విషాలు. కాబట్టి గాయపడిన చర్మ కణాలు ప్రమాద సంకేతాలు పంపుతాయి. ఆ సంకేతాల మధ్య పట్టుబడిన ప్రోటీన్ ఏదైనా ఐజీఈ తయారీకి దారితీస్తుంది. పేగు పని వేరు. అది రోజూ ఎన్నో అన్య ప్రోటీన్లను చూస్తుంది. అన్నిటితో తగువు పెట్టుకుంటే మనిషి తిండి తినలేడు. అందుకని పేగు దగ్గరి రోగనిరోధక కణాలు, తిన్న ప్రోటీన్‌ను చూపించి నియంత్రక టీ కణాలను తయారుచేయిస్తాయి. దీన్ని చూసి గొడవ చేయవద్దు అని తక్కిన కణాలకు చెప్పడమే ఆ టీ కణాల ఉద్యోగం.

చిత్రమేమిటంటే పేగుకి ఈ గుణం ఉందని 1911లోనే తెలుసు. అమెరికాలో వెల్స్ అనే శాస్త్రవేత్త గినీ పందులకు ముందుగా గుడ్డు తెల్లసొన తినిపించాడు. మామూలుగా అయితే తెల్లసొనను రెండు విడతలుగా ఇంజెక్షను చేస్తే గినీ పంది అనఫిలాక్సిస్‌తో చచ్చిపోతుంది. ముందే తిన్నవి చావలేదు. ఆ తర్వాత ఎలుకల్లో ఈ సంగతి ఎన్నిసార్లు రుజువైందో లెక్కలేదు. అయినా 1998లో పిల్లల సలహాలు రాసేవాళ్ళకి అది గుర్తు రాలేదు. ప్రయోగశాలకూ ఆసుపత్రి వార్డుకూ మధ్య దూరం ఒక్కోసారి ఇలాగే ఉంటుంది.

640 మంది పిల్లలు

అనుమానం ఎంత బలమైనదైనా అనుమానమే. తేల్చాలంటే పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పల్లీ పెట్టి, ఇంకో జట్టుకు పెట్టకుండా చూడాలి. లండన్ ఎవలీనా పిల్లల ఆసుపత్రిలో లాక్, జార్జ్ డు టాయ్ చేసింది ఇదే. ఆ ప్రయోగం పేరు లీప్. 2006 చివర మొదలుపెట్టి, నాలుగు నుంచి పదకొండు నెలల లోపు పిల్లలను 640 మందిని చేర్చుకున్నారు. అందరూ ముప్పున్న పిల్లలే: తీవ్రమైన ఎగ్జిమా, లేదా గుడ్డు అలర్జీ, లేదా రెండూ. ముందుగా చర్మం మీద పల్లీ రసం చుక్క వేసి గీరి చూశారు. పెద్ద దద్దురు లేచినవాళ్ళను ప్రయోగంలోకి తీసుకోలేదు. తినే జట్టు పిల్లలకు తొలి ముద్ద ఆసుపత్రిలోనే పెట్టారు. అక్కడే తేడా చేసిన కొద్దిమందిని మానేయమన్నారు, లెక్కలోంచి మాత్రం తీసేయలేదు.

తినే జట్టు వారానికి కనీసం 6 గ్రాముల పల్లీ ప్రోటీన్ తినాలి, మూడు పూటలకు తగ్గకుండా. పల్లీలో నాలుగో వంతు ప్రోటీన్ కాబట్టి ఇది వారానికి ఒక చిన్న గుప్పెడు పల్లీల లెక్క. బాంబా ఇచ్చారు, అది నచ్చనివాళ్ళకు పీనట్ బటర్. మానేసే జట్టు పల్లీ ముట్టలేదు. ఐదేళ్ళు నిండేదాకా ఇలా నడిపి, అందరికీ డాక్టర్ల ఎదుట పల్లీ పెట్టి చూశారు.

2015 ఫిబ్రవరిలో ఫలితం వచ్చింది. మానేసిన జట్టులో 17.2 శాతం మందికి పల్లీ అలర్జీ. తిన్న జట్టులో 3.2 శాతం. మొదట్లో గీరిన పరీక్షలో ఏమీ కనిపించని పిల్లల్లో 13.7కి 1.9. అప్పటికే చిన్న దద్దురు లేచిన పిల్లల్లో కూడా 35.3కి 10.6. అంటే అలర్జీ వైపు అడుగు వేసేసిన పిల్లలను సైతం కొంతమందిని వెనక్కి తిప్పవచ్చు. పిల్లల వైద్యంలో ఇంత స్పష్టమైన తేడా చూపించిన నివారణ ప్రయోగాలు అరుదు.

అప్పుడూ ఒక సందేహం మిగిలింది. క్రమం తప్పక తినడం వల్ల అలర్జీ అణిగి ఉందేమో, ఆపితే తిరిగొస్తుందేమో? అందుకని తిన్న పిల్లలనే ఒక ఏడాది పాటు పూర్తిగా మాన్పించారు. తిరిగి పరీక్షిస్తే అలర్జీ చెప్పుకోదగినంత పెరగలేదు. ఇక వాళ్ళ ఇష్టానికి వదిలేశారు. సగటున పదమూడేళ్ళ వయసులో మళ్ళీ పిలిచి చూసిన ఫలితాలు 2024లో వచ్చాయి: చిన్నప్పుడు మానేసిన జట్టులో 15.4 శాతం, తిన్న జట్టులో 4.4 శాతం. మధ్యలో కొందరు పల్లీలు తిన్నారు, కొందరు నెలల తరబడి తినలేదు. తొలి ఐదేళ్ళలో కుదిరిన సయోధ్య నిలబడింది.

బ్రిటన్, అమెరికాలు తమ పాత సలహాను 2008, 2009లలోనే ఉపసంహరించుకున్నాయి. 2017లో అమెరికా మార్గదర్శకాలు తిరగబడి, తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకు పరీక్ష చేసి నాలుగు నుంచి ఆరు నెలల మధ్యే పల్లీ మొదలుపెట్టమన్నాయి. 2025లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు దేశవ్యాప్తంగా పిల్లల వైద్యుల రికార్డులు చూస్తే, ఆ మార్గదర్శకాల తర్వాత మూడేళ్ళ లోపు పిల్లల్లో కొత్త పల్లీ అలర్జీ 40 శాతానికి పైగా తగ్గింది.

ఇక్కడితో ఆపేస్తే విజయగాథలా ఉంటుంది గాని, గుడ్డు దగ్గర కథ కాస్త చిక్కుబడింది. జర్మనీలో పచ్చి గుడ్డు పొడి పెట్టి చూస్తే కొందరు పిల్లలు అప్పటికే అలర్జీతో ఉన్నారు, తేడా చేసింది, ప్రయోజనమూ కనబడలేదు. జపాన్‌లో అదే పనిని ఓపికగా చేశారు. ఎగ్జిమాను ముందు మందులతో అదుపులో పెట్టి, బాగా ఉడికించిన గుడ్డు పొడిని ఆరో నెల నుంచి అతి తక్కువ మోతాదులో ఇచ్చి, తొమ్మిదో నెలలో పెంచారు. ఏడాది వయసుకు గుడ్డు పొడి తిన్నవాళ్ళలో గుడ్డు అలర్జీ 8 శాతం, ఉత్తుత్తి పొడి తిన్నవాళ్ళలో 38 శాతం. ఎంత తొందరగా పెట్టామన్నదొక్కటే సరిపోదు. ఎలా వండి, ఎంత పెట్టామన్నది కూడా చూడాలి.

చర్మం వైపు నుంచి ఆపే ప్రయత్నమూ జరిగింది. చర్మం ఎండిపోకుండా పుట్టినప్పటి నుంచి రోజూ మాయిశ్చరైజర్ రాస్తే ఎగ్జిమా రాదు, కాబట్టి అలర్జీ రాదు. వినడానికి ఎంత బాగుందో. బ్రిటన్‌లో 1,394 మంది పిల్లలతో ఏడాది పాటు రాసి చూస్తే ఎగ్జిమా తగ్గలేదు. వేరొక బ్రిటిష్ అధ్యయనంలోనైతే, మూడు నెలల వయసులో ఎంత ఎక్కువసార్లు ఏదో ఒకటి రాస్తే ఆహార అలర్జీ అంత ఎక్కువ కనిపించింది. ఆ ఇళ్ళలో తరచుగా రాసింది ఆలివ్ నూనె. తిండి అంటిన చేతులతో తల్లిదండ్రులే రుద్ది రుద్ది ప్రోటీన్లను లోపలికి పంపుతున్నారేమో అని పరిశోధకుల అనుమానం. రుజువు కాలేదు, కాని చేతులు కడుక్కుని రాయడానికి పోయేదేమీ లేదు. పసిపిల్లకి నూనె పెట్టి, సున్నిపిండితో నలిచి నీళ్ళుపోసే ఇళ్ళకు కూడా ఇందులో ఆలోచించాల్సింది ఉంది. నిగారింపుగా ఉన్న చర్మానికి పెసరపిండి, శనగపిండి అలర్జీ తెస్తాయని ఎవరూ చూపలేదు. ఎర్రగా చిట్లి రసి కారుతున్న చర్మం మీద మాత్రం తినే పిండి ఏదీ రుద్దకపోవడం మంచిదని నేనంటాను.

ఇదంతా వింటే కొందరికి "పిల్లల్ని మట్టిలో ఆడనివ్వాలి" అన్న మాట గుర్తొస్తుంది. అది చుట్టరికం ఉన్న కథే గాని ఇదే కథ కాదు. 1989లో డేవిడ్ స్ట్రాకన్, 1958లో పుట్టిన 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాలు చూసి, అన్నలు అక్కలు ఎక్కువున్న పిల్లలకు పుప్పొడి జలుబు తక్కువని గమనించాడు. 2016లో అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అనే రెండు రైతు సమాజాలను పోల్చారు. ఇద్దరూ యూరప్ నుంచి వచ్చినవాళ్ళే, జీవితాలూ దగ్గరగానే ఉంటాయి. ఆమిష్‌వాళ్ళు పశువుల పాకలో పిల్లలను వెంటేసుకు తిరుగుతారు, హట్టరైట్‌లు యంత్రాలతో పెద్ద ఎత్తున సేద్యం చేస్తారు. ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం, హట్టరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఆమిష్ ఇళ్ళ దుమ్ములో బాక్టీరియా అవశేషాలు దాదాపు ఏడు రెట్లు. పాక దుమ్ము పిల్లల ఊపిరితిత్తులకు మేలు చేసినట్టుంది. అయితే ఇది ఎక్కువగా ఉబ్బసం, పీల్చే అలర్జీల కథ. పల్లీ అలర్జీని ఆపింది మట్టి కాదు, పల్లీయే.

మన పిల్లల సంగతి

చైనా, భారత్, రష్యాలలో 35,000 మందికి పైగా బడి పిల్లలను చూసిన ఒక అంతర్జాతీయ సర్వేలో మన దేశం తరఫున కర్ణాటక పిల్లలు ఉన్నారు. ఆహార అలర్జీ ఉందని నమ్మదగిన పిల్లలు హాంకాంగ్‌లో 1.5 శాతం, మన దగ్గర 0.14 శాతం. వెయ్యి మందిలో ఒకరిద్దరు. అనంతపురం అమ్మమ్మకి అలాంటి పిల్ల గుర్తు రాకపోవడంలో వింత లేదు.

అయితే ఈ తక్కువతనం రక్తంలోనే ఉందనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బడిలో చేరే 50,000 మందికి పైగా ఐదేళ్ళ పిల్లల గురించి తల్లిదండ్రులు ఇచ్చిన వివరాలను పరిశీలించారు. ఆసియాలో పుట్టి వలస వచ్చిన పిల్లల్లో పల్లీ, బాదం జాతి అలర్జీలు తక్కువ. ఆసియా తల్లులకు ఆస్ట్రేలియాలో పుట్టిన పిల్లల్లో మాత్రం, ఆసియా మూలాలు లేని పిల్లలకంటే కూడా ఎక్కువ. వంశం అదే, తొలి ఏళ్ళు గడిచిన చోటు వేరు. మెల్‌బోర్న్‌లోనో డల్లాస్‌లోనో బిడ్డను కంటున్న తెలుగు దంపతులు, మన జాతికి ఇవన్నీ రావులే అని ధీమాగా ఉండటానికి లేదు.

కర్ణాటక పిల్లల లెక్కలో ఇంకొక అంకె ఉంది. వాళ్ళలో దాదాపు ఐదో వంతు మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. నిజంగా అలర్జీ ఉన్నది వెయ్యికి ఒకరిద్దరికి. అంటే రక్తంలో ఐజీఈ ఉన్న నూరు మందిలో తొంభై తొమ్మిది మంది ఆ తిండిని హాయిగా అరిగించుకుంటున్నారు. ఇప్పుడు మన నగరాల్లో డయాగ్నస్టిక్ సెంటర్లు పదుల కొద్దీ ఆహారాలకు ఒకేసారి అలర్జీ పరీక్ష చేసి, రంగు రంగుల పట్టిక చేతికిస్తున్నాయి. దురదతో బాధపడే పిల్లకి ఆ పట్టికలో పాలు, గుడ్డు, పల్లీ, గోధుమ అన్నీ ఎర్రగా కనబడతాయి. భయపడ్డ తల్లి అన్నీ మానిపిస్తుంది. పిల్ల బరువు తగ్గుతుంది, దురద తగ్గదు. అంతకంటే పెద్ద చిక్కు, ఎగ్జిమా ఉన్న పిల్ల అప్పటిదాకా హాయిగా తింటున్నదాన్ని మాన్పించి కొన్ని నెలల తర్వాత తిరిగి పెడితే, ఈసారి నిజంగానే ఒళ్ళు తిరగబడిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. చర్మం చిట్లే ఉంది, ఇంటి దుమ్ములో ఆ ప్రోటీన్ ఉంది, నోటి దారి ఒక్కటే మూసుకుపోయింది. అందుకే ఈ పరీక్ష, ఫలానాది తిన్న గంట రెండు గంటల్లో నిజంగా ఏదో జరిగిందన్న కథ ఉన్నప్పుడే, ఆ ఫలానాదానికే చేయించాలి.

ఇక పెట్టడం సంగతి. ఆరు నెలలదాకా తల్లిపాలు, ఆపైన అన్నప్రాశన, దాంతోపాటు తక్కిన ఆహారాలన్నీ అన్నది చాలా ఇళ్ళలో నడిచే పద్ధతే. లీప్ దానికి జోడించేది స్వల్పం: అన్నం, పప్పు, రాగి జావ అలవాటయ్యాక పల్లీ, ఉడికిన గుడ్డు ఏడాది నిండేలోపే మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక మానకూడదు. ఒకసారి నాలుకకు రాసి వదిలేస్తే ప్రయోజనం లేదు. పల్లీ గింజ, గింజ ముక్క మాత్రం ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదు. అది శ్వాసనాళంలో ఇరుక్కుంటే మత్తిచ్చి గొట్టం వేసి తీయాల్సి వస్తుంది. పిల్లల ఆసుపత్రుల్లో డాక్టర్లు అలా తీసే వస్తువుల్లో పల్లీ ముందు వరసలో ఉంటుంది. మెత్తటి పొడి చేసి జావలోనో పెరుగన్నంలోనో కలపాలి, లేదా నీళ్ళతో పలచన చేసిన పల్లీ ముద్ద. తొలిసారి పావు చెంచాతో మొదలు, పొద్దుటి పూట, జ్వరం జలుబు లేని రోజు, తర్వాత రెండు గంటలు బిడ్డ ఎదురుగా ఉండేలా. తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా, గుడ్డు తిని దద్దుర్లు వచ్చి ఉన్నా ఆ తొలి చెంచా ఇంట్లో వద్దు, పిల్లల డాక్టరు ముందు పెట్టాలి. ఏ తేడా లేకపోతే వారానికి రెండు మూడు పూటలు, ఇంట్లో అందరికీ చట్నీ నూరిన రోజున బిడ్డకి కారం వేయకముందే కాస్త తీసిపెడితే సరిపోతుంది.